ఇరవై ఇళ్ళు, ఒక గడి

నిన్న పొద్దున మా చిన్నవాడి నెత్తిన మొదటి చెంబు గుమ్మరించానో లేదో, వాడు ముక్కు మూసుకుని "అమ్మా, నీళ్లు గోలీల వాసనొస్తున్నయ్" అన్నాడు. జ్వరమొచ్చినప్పుడు మింగే మాత్రలు తప్ప వాడికి మరో పోలిక తెలియదు. దోసిట పట్టి చూశాను. నిజమే. నల్లా లైను ఇంకా పడని మా నాచారం వీధిలో అయిదిళ్ళకు ఒకటే బోరు, వంతులవారీగా మోటారు వేసుకుని తాగేదీ ఆ నీళ్ళే. రెండు వీధుల అవతల మందుల కంపెనీ. అందులోనే మా ఆయన ఫిట్టరు.

నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ వాసన కాదు, దాని సంగతి ఎనిమిదేళ్ళ కిందటే నాకు ఒకరు చెప్పారన్న గుర్తు.

అప్పుడు నేను ఉప్పల్‌లో పుట్టింటి నుంచి బస్సులో కాలేజీకి వెళ్ళి బి.ఏ. చదివేదాన్ని. నాతోపాటు తెలుగు మీడియంలో అర్థశాస్త్రం చదివినవాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, మొదటి వారంలోనే మేడం బోర్డు మీద రెండు మాటలు రాసేవారు: ఉచిత వస్తువులు, ఆర్థిక వస్తువులు. గాలి, నీరు ఉచితమని, కొరత ఉన్నవాటికే ధర అని నేర్చుకుని, ఆ పునాది మీద డిమాండు, సప్లయి గీతలు గీసుకుని, రెండో ఏడు ఒక్క ఇంటి లెక్కను దేశమంత చేసి జాతీయాదాయం అన్నాము. ఫ్యాక్టరీలో తయారైనదంతా అందులో కలుస్తుందని చదివితే, బస్సులోంచి కనిపించే నాచారం పొగగొట్టాలు కూడా పుస్తకంలోకి ఎక్కినట్టు గర్వపడ్డాను. అమ్మేవాడూ కొనేవాడూ బాగానే ఉండి, ఇద్దరికీ సంబంధం లేని మూడోవాడి మీద నష్టం పడటం గురించి అరపేజీ పాఠం ఉండేది గానీ, పరీక్షలో రాదని అందరం వదిలేశాం.

మూడో ఏడు మేడం, చదివింది చాలు, ఇక వీధుల్లోకి వెళ్ళి చూడండి అంటూ తలా ఇరవై ఇళ్ళ సర్వే అప్పగించారు. నాకు పడిన వీధి ఇదే. ఒక ఇంట్లో పెద్దావిడ, నేను అడిగిన వాటికంటే ఎక్కువ ప్రశ్నలు నన్నే అడిగి, ఊరూ ఇంటిపేరూ కనుక్కుని, చివరికి గ్లాసుతో నీళ్ళిచ్చి, "జర వాసన సూడు బిడ్డా, గిది గూడ రాసుకో" అంది. నా ఫారంలో నీళ్ళు ఎక్కడివన్న గడి ఉంది, ఎలా ఉన్నాయన్న గడి లేదు. చివర "ఇతర విషయాలు" అన్న గడి మాత్రం ఉంది. అది ఖాళీగా ఉంటే మార్కులు పోతాయని, ఇంటికొచ్చాక ఇరవై ఫారాల్లోనూ ఒక్క ఊపున "ప్రత్యేకంగా ఏమీ లేదు" అని నింపేశాను. క్లాసులో నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ పెద్దావిడకు నేను నచ్చి, మరుసటి ఏడు నన్ను కోడలిని చేసుకుంది. నేను కాపురానికొచ్చేసరికి బోరు ఇంకా లోతుకు దించారు, వాసన పోయింది, నేనూ మరిచిపోయాను.

నిన్న సాయంత్రం పక్కింటి అక్క, బోరు నీళ్ళు పరీక్ష చేయించమని మున్సిపాలిటీకి రాసిన కాగితం పట్టుకొచ్చింది. నాలుగిళ్ళ సంతకాలు అయ్యాయి. "నీ మొగుడు గా కంపెనీలనే జేస్తడు గద, పెడ్తవా, మీ ఆయన్ను అడిగొస్తవా?" అని నవ్వింది. మా ఆయన నవ్వలేదు. ఆమె కాగితం మా ఇంట్లోనే ఉంచి వెళ్ళాక, "వచ్చే నెలల పర్మినెంట్ జేస్తమన్నరు. గా కాయితం మీద మన ఇంటోళ్ల పేరు సూస్తే గేట్ల అడుగు వెట్టనిస్తరా? పిల్లల ఫికర్ నాకు లేదా?" అన్నాడు. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలన్నది మొదటి ఏడాది పాఠమే, పరీక్షలో ఎన్నిసార్లు రాశానో.

అత్తమ్మ గడప మీద కూర్చుని అంతా విన్నది. "నేను గప్పుడే చెప్పిన. పెద్ద సదువుల పిల్ల గద, రాసుకోలే" అంది. కోపంగా అన్నా బాగుండేది.

ఇనప్పెట్టె అడుగున నా ప్రాజెక్టు పుస్తకం దొరికింది. పదకొండో ఫారం మా ఇల్లు. గుండ్రటి అక్షరాలతో, నీలం సిరాతో, ప్రత్యేకంగా ఏమీ లేదు. ఆ పుస్తకం పక్కనే పెట్టుకుని కాగితం మీద సంతకం చేశాను. మా ఆయన చూశాడు, అటు తిరిగి పడుకున్నాడు.

కొత్త రాష్ట్రం వస్తే ఏమేం మారతాయోనని వీధి మొగలో రోజూ వాదించుకుంటున్నారు. మేం చదువుకున్నప్పుడు ఉచిత వస్తువని రాసిన నీటిని ఇప్పుడు డబ్బాల్లో అమ్ముతున్నారు. ఆ పాఠం అంత నమ్మకంగా అప్పజెప్పిన అమ్మాయిని తలుచుకుంటే జాలేస్తుంది, ఆమె నిశ్చింత మీద కాస్త ఈర్ష్య కూడా కలుగుతుంది.

ఈ రోజు పొద్దున లేచేసరికి మా ఆయన లేడు. డ్యూటీకి ముందే రెండు ఖాళీ డబ్బాలు బండికి కట్టుకుని, మౌలాలిలో వాళ్ళక్క ఇంటి నల్లా దగ్గరికి వెళ్ళాడట. తిరిగొచ్చి డబ్బాలు వంటింట్లో దించి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

పిల్లలిద్దరికీ ఆ నీళ్ళే సీసాల్లో పోసి చెప్పాను: "బోరు నీళ్లు నోట్లె పోసుకోవద్దు, పుక్కిలించనీకి గూడ వద్దు. ఎవరన్న మీ ఇంట్ల నీళ్లు ఎట్లున్నయని అడిగితే, ఎట్లున్నయో గట్లనే చెప్పున్రి. ఏమీ లేదని మాత్రం అనొద్దు."