బొంద పెట్టి తిరిగొచ్చే నడక

మా నాయిన బ్యాండు మేళంలో ట్రంపెట్ వాయిస్తాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మ్యూజిక్ క్లాసులో చేరిన రోజు, ఫారంలో తండ్రి వృత్తి అన్నచోట 'ప్రైవేట్ ఉద్యోగం' అని రాసిచ్చాను. ఎర్రకోటు తొడుక్కుని బారాత్‌లో పెళ్ళికొడుకు గుర్రం ముందు నడవడం ప్రైవేట్ ఉద్యోగం ఎలా అవుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ట్రంపెట్ పట్టుకోవడం నాకు నేర్పింది నాయినే. కాగితం మీది నోట్స్ చదవడం మాత్రం క్లాసులో పియానో మేడమ్ నేర్పారు. ఆవిడది గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. విద్యార్థుల కచేరీ కోసం ఆవిడ నాకొక సొనాటా ఇచ్చారు, ట్రంపెట్టూ పియానో కలిసి వాయించేది, మూడు భాగాలు. మొదటిదీ మూడోదీ హుషారుగా సాగిపోయేవే, వాటితో పేచీ లేదు. నా ప్రాణం తీసింది రెండోది. దాని నెత్తిన 'ఆందాంతే' అని ఒకే ఒక్క ఇటాలియన్ మాట ఉంది. 'నడుస్తూ' అని దానర్థం. మేడమ్ మొదటి క్లాసులోనే చెప్పారు.

నడవమంటే నడుస్తాం, కానీ ఎవరి నడక? ఫోన్‌లో విన్న రికార్డింగుల్లో ఒకాయన ఈడ్చుకుంటూ పోతున్నాడు, ఇంకొకాయన బస్సు వెళ్ళిపోతున్నట్టు పరుగు. నెమ్మదిగా వాయిస్తే ఒక్కో స్వరవాక్యం సగంలోనే నాకు ఊపిరి అయిపోయేది. వేగం పెంచితే ఏడుపు కాస్తా పెళ్ళిపాటై కూర్చునేది. వారం రోజులు కుస్తీ పట్టి, ఇది విషాదమే అని తీర్మానించుకుని, ఎల్‌బీ నగర్‌లో మా ఇంటి గుమ్మంలో నిలబడి సాగదీసి ఊదుతున్నాను. నాయిన లుంగీతో బయట అరుగు మీద కూర్చున్నాడు.

"ఏంది బిడ్డా, శవం మోస్తున్నవా?" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇది వేరే సంగీతం నాయినా, మీ బ్యాండు కాదు."

ఆయన పట్టించుకోలేదు. లేచొచ్చి కాగితం కేసి చూసి, "మీద గా ముక్క ఏంది?" అనడిగాడు.

"ఏదో ఇటాలియన్ మాట. నీకు అర్థం కాదులే" అన్నాను.

"గట్లనా" అని మళ్ళీ అరుగు మీదికెళ్ళి కూర్చున్నాడు. తనే చెప్పాడు. "శవాన్ని మోస్కపోయే నడక ఒకటి. బొంద పెట్టి ఇంటికొచ్చే నడక ఇంకోటి. పోయేటప్పుడు భుజం మీద బరువుంటది, అడుగు చిన్నగ పడ్తది. వచ్చేటప్పుడు భుజం ఖాళీ. మనసుల దుఃఖం ఉంటది గని కాళ్ళు జర తేలికైతయి. నీ పాట వచ్చేటోళ్ళది."

బ్యాండులో అదొక పద్ధతి. సావుకు పోయినప్పుడు మేళం పెద్ద శవపెట్టెకు ఎదురుగా తిరిగి వెనక్కి నడుస్తాడు. పెట్టె మోసేవాళ్ళ కాళ్ళకేసి చూస్తూ, వాళ్ళ అడుగును బట్టి డ్రమ్ముకు చేత్తో సైగ చేస్తాడు. మా మేళానికి పెద్ద నాయినే. ముప్పై ఏళ్ళుగా జనం కాళ్ళు చూస్తూనే వాయిస్తున్నాడు.

ఆ సాయంత్రం మా గల్లీలో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు, బొంద దగ్గర్నుంచి తిరిగొస్తున్న మనిషిలా. నేను ఆయన కాళ్ళు చూస్తూ ఊదాను. నాలుగోసారికి వాక్యం చివరిదాకా ఊపిరి నిలిచింది. పాట పాటలా వినపడింది. ఫోన్‌లో తాళం కొలిచే మెట్రోనోమ్ తెరిచి ఆయన అడుగులకు సరిపెట్టి చూస్తే నిమిషానికి అరవై ఆరు దెబ్బలు వచ్చాయి. పక్కింటివాళ్ళు తొంగి చూస్తుంటే, "ఇంక చాలు, లోపలికి రా నాయినా" అన్నాను. థాంక్స్ కూడా చెప్పలేదు.

కచేరీకి ఆయన్ని పిలవలేదు. ఆయనే వచ్చాడు, ఆ రోజు పెళ్ళి బేరం వదులుకుని, చర్చికి వేసుకునే తెల్లచొక్కాలో. ఆఖరి వరుసలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చున్నాడు. రెండో భాగాన్ని గల్లీలో ఆయన అడుగులు తలచుకుంటూ వాయించాను. ఆ తర్వాత మిగతాదీ ముగించాక చప్పట్లు.

మేడమ్‌కు ఒక అలవాటు. వాయించినవాళ్ళను అక్కడే ఒక ప్రశ్న అడుగుతారు. "ఆ రెండో దానికి ఈ వేగం ఎక్కడ దొరికిందమ్మా నీకు? చాలామంది ఏడుపుపాట అనుకుని బ్యాండు మేళంలా ఈడ్చేస్తారు దీన్ని" అన్నారు.

హాలు నవ్వింది. నేనూ నవ్వాను.

నవ్వి, "చాలా రికార్డింగులు విన్నాను మేడమ్. పోల్చి చూసుకుని అరవై ఆరు దగ్గర ఆగాను" అన్నాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నేను ఆ చెట్టు మందే తాగి, దుకాణంలో కొన్నానని చెప్పాను. ఆఖరి వరుసలో నాయిన చప్పట్లు కొడుతున్నాడు. అందరికన్నా గట్టిగా.

తిరిగొస్తూ మెట్రోలో, "అరవై ఆరంటే ఏంది బిడ్డా?" అనడిగాడు. చెప్పాను. తలూపి, "మంచిగ జెప్పినవ్. నాకైతే గట్ల లెక్కలు రావు" అన్నాడు. దెప్పుతున్నాడేమోనని ముఖం చూశాను. దెప్పలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. ఎల్‌బీ నగర్ వచ్చేదాకా తలెత్తలేకపోయాను.

కొన్ని నెలలకు మా బస్తీలోనే ఒక పెద్దాయన పోయాడు. నాయిన మేళమే. బొంద పెట్టి తిరిగొచ్చేటప్పుడు, డ్రమ్ము వాయించే ఆయనతో నాయిన అంటున్నాడు, "జర పెంచు. అరవై ఆరు. మా బిడ్డ జెప్పింది."

పక్కన నడుస్తున్న నాకు తల కొట్టేసినట్టయింది. తను నడిచిన నడకను నా దగ్గర నేర్చుకున్నానని గర్వంగా చెప్పుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన బారాత్‌కు తయారవుతుంటే సొనాటా కాగితం తెచ్చి ముందు పెట్టాను. "నాయినా, అరవై ఆరు నేను కనిపెట్టింది కాదు. నువ్వు జెప్పిందే. హాల్‌ల అబద్ధమాడిన."

"నేనేం జెప్పిన?" అన్నాడు కోటు గుండీలు పెట్టుకుంటూ. "నేను నడిసిన, గంతే."

"మీద రాసింది కూడా గదే నాయినా. గా ముక్కకు నడక అనే అర్థం."

ఆయన ముఖం వెలిగిపోయింది. కాగితం దగ్గరకు తీసుకుని, చదవలేని ఆ అక్షరాల మీద వేలు పెట్టి చూశాడు. "గంత పెద్ద సదువుల గిదే రాసిన్రా!" అని నవ్వాడు. ఆ నవ్వు ఉండగానే ఏదో తట్టినట్టు నాకేసి తిరిగాడు.

"అర్థం గాదన్న నాడే నీకు ఎర్కనా బిడ్డా?"

ఈసారి అబద్ధం చెప్పలేకపోయాను.

"ఎర్కే" అన్నాను.

కాగితాన్ని మడత పడకుండా మంచం మీద పెట్టాడు. ట్రంపెట్ తీసుకుని పనికి వెళ్ళిపోయాడు.