భ్రమరాంబ గారి కంట్రోల్ గ్రూపు

భ్రమరాంబ గారు వండి తినకుండా ఏ కాగితాన్నీ బీరువాలో పెట్టరు.

ఇది అలంకారం కాదు. విశాఖపట్నంలో, సముద్రం కనిపించే గుట్ట మీద మా విశ్వవిద్యాలయం. అందులో పాత హోమ్ సైన్సు భవనం. దాని కింది అంతస్తులో మానవ పోషణ మీద వెలువడిన ప్రచురణల భాండాగారం. ఆమె దాని అధికారి. పక్క గదిలో పాత దినపత్రికల విభాగం నాది. మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు నా దురదృష్టమని చాలాకాలం అనుకున్నాను.

మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళినప్పుడు తలెత్తి చూశాను. నేల నుంచి కప్పు దాకా బీరువాలు. పాలిచ్చే తల్లి ఏం తినాలి. రేవులో బస్తాలు మోసేవాడికి ఎంత అన్నం కావాలి. కరువు రోజుల్లో గంజి ఎంత చిక్కగా కాయాలి. పళ్ళూడిన ముసలాయనకి ఏ పప్పు అరుగుతుంది. బులెటిన్లు, కరపత్రాలు, సిద్ధాంత గ్రంథాలు, దారంతో కుట్టిన నివేదికలు. మనిషి తన ఆకలి గురించి ఇంత ఆలోచించాడు. గర్భగుడి ముందు నిలబడ్డట్టు నిలబడ్డాను.

"బాగుందా?" అన్నారు ఆమె.

"భయంగా ఉంది."

"ఇంత రాశారు కదా తమ్ముడూ. ఒక్కరైనా వండి చూడాలా, అక్కర్లేదా? ఇదిగో, పట్టు."

చేతిలో ఒక జంతిక పెట్టారు. కొరికాను. అది లొంగలేదు.

"దేంతో చేశారక్కా?"

"తవుడు."

"మా ఊళ్ళో గేదెలకి పెడతారండీ."

"గేదెకి రక్తం తక్కువైందని ఎక్కడైనా విన్నావేటి?"

వినలేదు. తిన్నాను.

పద్ధతి ఇది. కొత్త ప్రచురణ వస్తుంది. అందులో ఫలానాది తింటే మంచిదని ఒక్క వాక్యం ఉన్నా చాలు, ఆమె కొంగు దోపుకుంటారు. ఒకప్పటి ప్రయోగశాల కనుక గదిలో సింకూ గట్టూ ఉన్నాయి. గట్టు మీద కరెంటు స్టవ్. ఆమె వండుతారు. భవనంలో దొరికినవాళ్ళు తింటారు. తర్వాత ఆ ప్రచురణ అట్ట మీద ఊదారంగు ముద్ర పడుతుంది: రుచి చూడబడినది. ముద్ర లేనిది బీరువా ఎక్కదు.

ఉప్పు మీద ఒక నివేదిక వచ్చిన వేసవిలో మేము ఉప్పు మరిచిపోయాం. నమలడం మీద ఒక వ్యాసం వచ్చింది. ముద్ద నోట్లో నీళ్ళయ్యేదాకా నమలాలట. ఆ మధ్యాహ్నం ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకుని నమిలాను. అవతల మా ఆవిడ లైను పోయిందనుకుని పెట్టేసింది.

త్రినాథరావు గారని ఫిజిక్సు ప్రొఫెసరు. చక్కెర జబ్బు గురించి ఏదో చదువుకుందామని వచ్చారు. ఆమె చేప పిండి లడ్డూ ఇచ్చారు. ఆయన దాన్ని నోట్లో పెట్టుకుని, కిటికీలోంచి సముద్రాన్ని చాలాసేపు చూశారు.

"ఇది ఘనమూ కాదు. ద్రవమూ కాదు," అన్నారు చివరికి.

"మాంసకృత్తులు," అన్నారు భ్రమరాంబ గారు.

అప్పట్నుంచి ఆయన మా భవనం చుట్టూ తిరిగి, కొండ ఎక్కి, వెనక మెట్ల మీంచి తన గదికి పోతున్నారు. గుండెకి అదీ మంచిదే అన్నారు ఆమె.

అందరికన్నా తెలివైనవాడు మా అటెండరు గవర్రాజు. కంచరపాలెం మనిషి. సరుకులు తెచ్చేది అతనే కనుక గండం ముందుగానే తెలిసిపోయేది.

"అమ్మా, ఇయ్యాల సోమారం. నానొక్కపొద్దు."

"నిన్ననే కదరా ఉన్నావు?"

"నిన్న సూర్య బగమానుడికమ్మా. ఇయ్యాల శివుడు. రేపు ఆంజినేయులు. నాను సేసేదేటుంది, దేవుళ్ళలా ఉన్నారు."

గవర్రాజంత భక్తుడు ఆ గుట్ట మీద మరొకడు లేడు.

ఇవన్నీ చెప్పి నవ్విస్తున్నాను గానీ, ఆమె తినడం చూస్తే నాకు నవ్వు వచ్చేది కాదు. ముందు ఆమే తినేవారు. కళ్ళు మూసుకునేవారు. ఎప్పుడో చనిపోయిన ఒక శాస్త్రవేత్త, ఎక్కడో చిన్న గదిలో కూచుని, పేదపిల్లల కోసం రాసిన వాక్యం. అది ఆమె నాలుక మీద మొదటిసారి అన్నమయ్యేది. మొహం చిట్లించేవారు కాదు. ఎంత ఘోరంగా ఉన్నా మింగి, ఒక క్షణం ఆగి, "పాపం, మంచి మనసుతో రాశాడు" అనేవారు. తినే చదువును నేను అంతకుముందు ఎరగను.

ఒకటే బాధ. చివరి వరస బీరువాల అవతల, కిటికీ పక్కన, ఒక పొడవాటి బల్ల ఉండేది. అక్కడ రోజూ మధ్యాహ్నం కొందరు పరిశోధక విద్యార్థులు తినేవారు. మాకు ఇవతల తవుడు నలుగుతుండగా, అటునుంచి వేడి అన్నం, ముద్దపప్పు, నెత్తళ్ళ ఇగురు వాసన వచ్చేది.

"అదేమిటక్కా?"

"కంట్రోల్ గ్రూపు. కొత్త తిండి మంచిదో కాదో తేలాలంటే మామూలు తిండి తినేవాళ్ళు పక్కనుండాలి. వాళ్ళు లేకపోతే సైన్సు కాదు, వంట."

"మరి మేము?"

"మీరు టెస్ట్ గ్రూపు."

"నన్ను అటు మార్చరాదా?"

ఆమె నా మొహంలోకి చూశారు. డాక్టరు కంటి రెప్ప కిందికి లాగి చూసినట్టు చూశారు.

"నీకు అర్హత లేదు తమ్ముడూ."

"ఏం అర్హత కావాలి?"

"అది చెప్పకూడదు. చెబితే ప్రయోగం పాడైపోద్ది."

నేను పదే పదే అడిగాను. ఒకసారి జ్వరం వచ్చి లేచి, బుగ్గలు లోపలికి పోయి ఉండగా అడిగాను. ఆమె అలాగే చూసి, గోధుమ నూక జావ గ్లాసుతో ఇచ్చారు. అర్హత రాలేదు.

అలా జరిగిపోతుండగా, ఒక రోజు ఆమె మెంతులు మాడ్చారు. మాడిన మెంతుల్లో ఏదో గుణం ఉందని ఎవరో రాశారట. భవనానికి అప్పుడే కొత్తగా పెట్టిన నిప్పు గంట మోగింది. మూడంతస్తుల జనం పచ్చిక మీదికి పరుగెత్తారు. అందరికన్నా చివర ఆమె వచ్చారు, చేతిలో మూకుడుతో.

"బయటికొచ్చారు కదా, తలా కాస్త చూడండి," అన్నారు.

మర్నాడే ఆఫీసు నుంచి ఉత్తర్వు దిగింది. కాగితాల మధ్య స్టవ్ ప్రమాదం. అది పరిశోధనలో భాగమని చూపించాలి. చూపించలేకపోతే ఈ శనివారం తీసేస్తారు. శుక్రవారం మధ్యాహ్నం అసిస్టెంటు రిజిస్ట్రారు శివరామకృష్ణ గారు తనిఖీకి వస్తారు.

శివరామకృష్ణ గారు కొత్తగా వచ్చారు. కృష్ణా జిల్లా వాళ్ళు. తండ్రి ఉక్కు ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. నవ్వితే సంతకం చెల్లదన్నట్టు ఉంటారు.

మాలో చాలామందికి ఆశ పుట్టింది. గవర్రాజైతే, స్టవ్ పోతే సింహాద్రప్పన్నకి కొబ్బరికాయ కొడతానని నా చెవిలో మొక్కుకున్నాడు.

భ్రమరాంబ గారు మాత్రం ఆ వారమంతా తక్కువ మాట్లాడారు. "స్టవ్ పోతే ఇది గోడౌనే తమ్ముడూ," అన్నారు ఒకసారి. నా వైపు చూడలేదు. బీరువాల అవతలి బల్ల వైపు చూశారు.

శుక్రవారం వచ్చింది. ఆయనా వచ్చారు. ఆమె జంతిక ఇచ్చారు. ఆయన నమిలారు. దవడ దగ్గర ఒక నరం లేచి పడింది. మింగి, మంచినీళ్ళు తాగి, పద్ధతి అడిగారు. ఆమె ముద్రలున్న అట్టలు చూపించారు. టెస్ట్ గ్రూపు అని నన్నూ, రోజూ ఒక్కపొద్దుండే గవర్రాజునీ చూపించారు. ఆయన నన్ను కొంత జాలితో చూశారు. అంతా సవ్యంగానే ఉంది.

అప్పుడాయన చివరి వరస దాటి అవతలికి నడిచారు. మేమూ వెనకే వెళ్ళాం.

బల్ల నిండా పిల్లలు. ఆయన్ని చూసి ఎక్కడి చేతులు అక్కడ ఆగిపోయాయి.

"వీళ్ళెవరండీ?"

"కంట్రోల్ గ్రూపు సార్," అన్నారు భ్రమరాంబ గారు.

"మామూలు భోజనం. రోజూనా?"

"రోజూ."

"ఎలా ఎంపిక చేశారండీ వీళ్ళని? ఏదో ఒక ప్రాతిపదిక ఉండాలి కదా. అది చెప్పండి, రాసుకుని వెళ్ళిపోతాను."

గంజి చిక్కదనం మీద గంటసేపు మాట్లాడగల మనిషి, నేల చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు చూశాను. అన్నేళ్ళుగా వాసన మాత్రమే పీల్చినవాణ్ణి, మొదటిసారి పళ్ళేలు చూశాను. ఒక్క మెతుకు లేదు. రుచి చూసేవాళ్ళు అలా తినరు. బల్ల చివర నీలిమ ఉంది. జాలారిపేట పిల్ల. అది వేట నిషేధం కాలం. వాళ్ళ నాన్న పడవ ఒడ్డునే ఉంది. డబ్బు కట్టలేదని హాస్టల్ మెస్సులో ఆ పిల్ల పేరు కొట్టేశారని పక్క గదిలో నేను విన్నదే. దాని పక్కవాడికి ఫెలోషిప్పు ఆగిపోయిందని కూడా విన్నదే. ఫెలోషిప్పు వచ్చిన వారమే ఒకమ్మాయిని అక్కణ్ణుంచి లేపి మా వైపు కూచోబెట్టి, తవుడు తినిపిస్తే ఎంత అన్యాయమనుకున్నానో.

అర్హత ఏమిటో తెలిసింది. నా మొహంలో ఆమె వెతికి దొరకనిది ఏమిటో తెలిసింది.

"మేడమ్, ప్రాతిపదిక?" అన్నారాయన మళ్ళీ.

ఆమె గట్టు దగ్గరికి నడిచారు. స్టవ్ ప్లగ్గు పీకేశారు. తీగ చుట్టి, స్టవ్ తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"తీసుకెళ్ళిపోండి సార్."

నీలిమ లేచింది. "నాను సెప్తాను సార్—"

"నువ్వు కూకో," అన్నారు భ్రమరాంబ గారు. "పళ్ళెం ముందునుంచి లేవకు."

అప్పుడు నా వెనకనుంచి గొంతు వినిపించింది.

"లాటరీ సార్!" అన్నాడు గవర్రాజు. "సీటీలు రాసి డబ్బాలో ఏసి తీత్తాం. నానే తీత్తాను."

శివరామకృష్ణ గారు నా వైపు తిరిగారు. "నిజమేనాండీ?"

"నా పేరు ఇంతవరకూ ఒక్కసారీ రాలేదండీ," అన్నాను. ఆ మాటలో బాధ నిజమైనది. అందుకే గొంతు వణకలేదు.

"ఈ బాబు మొహం సూడండి సార్, అదురుష్టం ఉన్న మొహమేటి?" అన్నాడు గవర్రాజు. తర్వాత నా చెవిలో, "మొక్కు మార్సీసేను బాబూ. స్టవ్వుంటే రెండు కాయలు," అన్నాడు.

శివరామకృష్ణ గారు గవర్రాజుని చూశారు. తీగ చుట్టిన స్టవ్ని చూశారు. నీలిమ పళ్ళేన్ని చూశారు. చూసి, తల తిప్పుకున్నారు. ఆకలిగా తినేవాళ్ళని చూడకుండా అలా తిప్పుకోవడం తెలిసిన ఇంట్లో పుట్టారనిపించింది.

"తినమ్మా. చల్లారిపోతుంది," అన్నారు.

తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుని, "మేడమ్ గారూ, మీ ప్రయోగంలో ఒక లోపం ఉందండీ," అన్నారు.

నేను స్టవ్ వైపు చూశాను.

"ఇటు ఎంతమందో అటూ అంతమంది ఉండాలి కదా. ఇక్కడ బల్ల నిండా ఉన్నారు. టెస్ట్ గ్రూపులో మీరూ, ఈయనా, రోజూ ఉపవాసం ఉండే ఆయనా."

"పారిపోతారండీ," అన్నారు ఆమె నెమ్మదిగా.

"పారిపోకూడదు. అదొక్కటే షరతు. ఇటు ఒకరు కూచుంటే అటు ఒకరు కూచోవాలి. లేదంటే స్టవ్ పట్టుకుపోతాను."

అలా రాసే సంతకం పెట్టారు.

ఆ సోమవారం నుంచి గవర్రాజు దేవుళ్ళందరూ అతనికి సెలవిచ్చారు. ఎవరు చెప్పారో, ఎలా చెప్పారో తెలియదు, త్రినాథరావు గారు ముందు మెట్ల మీంచే వచ్చి, ఏమీ అడక్కుండా మా వైపు కూచున్నారు.

ఆ వేసవిలో అవతలి బల్లకి ఇంకో బల్ల చేరింది. సైన్సు ప్రకారం ఇవతలా పెరగాలి. శివరామకృష్ణ గారు మొదట తాను వచ్చారు. తర్వాత తన సెక్షనును తెచ్చారు. ఆ రోజు సముద్రపు నాచు ఇడ్లీ. ఆకుపచ్చగా, తడిగా, ఇంకా బతికే ఉన్నట్టుంది.

"ఏం తప్పు చేశామని సార్ మమ్మల్నిక్కడికి తెచ్చేరు?" అంది రోజారమణి, బిల్లుల గుమాస్తా.

"అటు ఎంతమందో ఇటూ అంతమంది ఉండాలమ్మా," అన్నారాయన, తల ఎత్తకుండా. తింటున్నారు.

రోజారమణి విసుక్కుంటూ మంచినీళ్ళ కోసం లేచింది. కొళాయి ఉన్న కుండ చివరి వరస పక్కన ఉంటుంది. గ్లాసు నింపుకుంటూ, బీరువాల సందులోంచి అవతలికి చూసింది. గ్లాసు పొంగి నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి.

తిరిగి వచ్చి కూచుంది. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని మింగింది.

"అటు ఒకమ్మాయి ఎక్కువుంది మేడమ్," అంది పళ్ళెం ముందుకు తోస్తూ. "నాకింకోటి వేసీయండి."