ఎఫ్ దగ్గర ఎనిమిది నెలలు

నలభై నాలుగేళ్ల వయసులో గిటార్ మొదలుపెట్టాను. ఉద్యోగం తాడేపల్లిగూడెంలో. ప్రతి ఆదివారం పొద్దున్నే రైలెక్కి ఏలూరులో మాస్టారింటికి వెళ్లేదాన్ని. మూడు నెలలు బాగానే సాగింది. తర్వాత ఎఫ్ కార్డ్ వచ్చింది, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టు. చూపుడు వేలిని అడ్డంగా పరిచి ఆరు తీగలూ ఒకేసారి నొక్కాలి. నేను నొక్కితే రెండు తీగలు గరగరమనేవి, ఒకటి అసలు పలికేదే కాదు.

"ఇది శుభ్రంగా పలికేదాకా పాట జోలికి వెళ్లొద్దండీ" అన్నారు మాస్టారు.

ఎనిమిది నెలలు పాట జోలికి వెళ్లలేదు. కూర ఉడికేలోపు అదే, ఆఫీసు నుంచి రాగానే అదే. వేలి చర్మం లేచిపోయి, పచ్చిమిర్చి తరిగితే ప్రాణం పోయేది. నా తర్వాత చేరిన కాలేజీ అమ్మాయి అప్పటికే ఐదో పాటలో ఉంది. ఆమె ఎఫ్ కూడా గరగరమంటూనే ఉంది. నా చెవులతో విన్నాను.

ఒక ఆదివారం ఉండబట్టలేక అడిగాను. "ఆ అమ్మాయిని ముందుకి పంపించారు కదండీ. నన్నెందుకు ఆపారు మాస్టారూ?"

ఆయన నవ్వారు. "ఆ అమ్మాయి కాలేజీలో స్టేజీ ఎక్కాలండీ. మీకేం తొందర? ఈ వయసులో కాలక్షేపానికే కదా."

ఒళ్లు మండిపోయింది. గిటార్ సంచిలో పెట్టుకుని బయటికొచ్చేశాను. స్టేషన్ దారిలో హార్మోనియాలు, గిటార్లు బాగుచేసే సాయిబు గారి దుకాణం ఉంది. అసలు లోపం నా చేతిదేనా అని చూపించాను. ఆయన ఒక కన్ను మూసి, గిటార్ మెడ వెంట చూశారు.

"తీగలు ఇంత ఎత్తులో ఉంటే ఎలా నొక్కుతున్నారమ్మా? నా వేలే దిగట్లేదు. నేర్పేవారు చూడలేదా అండీ?"

చూడకపోవడమేమిటి? ప్రతి వారం ఆయనే శ్రుతి చేసి నా చేతికిచ్చేవారు.

సాయిబు గారు తీగలు కిందికి దించారు. అక్కడే స్టూలు మీద కూర్చుని నొక్కాను. ఐదు తీగలు పలికాయి. కోపంతో ఏడుపొచ్చింది. మాస్టారి మీద ఎంత కోపమో, నా మీదా అంతే. ఇన్ని నెలల్లో "ఇది చాలు, తర్వాతది చెప్పండి" అని ఒక్కసారి అనలేకపోయాను.

తిరిగి మాస్టారింటికే వెళ్లాను. "తీగలు ఎత్తుగా ఉన్నాయని మీకు తెలుసాండీ?"

ఆయన నా మొహం చూడలేదు. "మీరింత సీరియస్‌గా నేర్చుకుంటారనుకోలేదండీ."

"ఇక రానండీ" అని వచ్చేశాను.

ఆ సాయంత్రమే ఫోన్‌లో చూసుకుంటూ కొత్త పాట మొదలుపెట్టాను. ఒక పాట మీద మూడు వారాలకి మించి కూర్చోను. తప్పులుంటే తప్పులతోనే తర్వాతదానికి వెళ్లిపోతాను. నాలుగో పాట మధ్యలో ఎప్పుడో ఎఫ్ దానంతటదే పలికింది. ఆ మాస్టారి మీద కోపం మాత్రం పోలేదు. పోగొట్టుకోవాలనీ లేదు.

పోయిన నెల కైకలూరులో అక్క ఇంట్లో అందరి ముందూ వాయించాను. రెండు చోట్ల తప్పాను. ఆగకుండా చివరిదాకా వాయించాను.