ఆఫీసరుగారి తండ్రి

మా నాన్నకు నాలుగు రోజుల సెలవు ఇవ్వని మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. అతను పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు. ఆ మాట అనేవాళ్ళకు అడిగినప్పుడల్లా సెలవు దొరికి ఉంటుంది.

మాది ఖరగ్‌పూర్. నాన్న మీసాలు రాకముందే శ్రీకాకుళం వైపు పల్లె నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో ఖలాసీగా చేరాడు. బాయిలర్ల దగ్గర పని నేర్చుకుని ఫిట్టరయ్యాడు. నిమ్‌పురాలో యార్డు పక్కనే మా క్వార్టరు. బాయిలరు లోపల కూర్చుని సుత్తి దెబ్బలు వినీ వినీ నాన్న చెవులు సగం పోయాయి. అందుకే మా ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడతాం. ప్రేమగా మాట్లాడుకున్నా పక్కింటివాళ్ళకు పోట్లాడుకుంటున్నట్టే వినిపించేది.

మెట్రిక్ పాసయ్యాక వర్క్‌షాపులో నాకు అప్రెంటీసు దొరకలేదు. సైన్యంలో జవానుగా చేరాను. సిగ్నల్సులో తీగలు మోశాను, గోతులు తవ్వాను, లంగరు అనే వంటశాలలో ఉల్లిపాయలు తరిగాను. నా హిందీ ఖరగ్‌పూర్ బజారు హిందీ. అందులో బెంగాలీ యాస వినిపించి బారక్‌లో అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వులో విషం లేదు. కొన్నేళ్ళకు ప్రమోషన్ వచ్చి నాయక్‌నయ్యాను.

చైనా యుద్ధం తర్వాత సైన్యానికి ఉన్నట్టుండి ఆఫీసర్లు కావలసి వచ్చారు. చదువుకున్న జవాన్లు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. మా సుబేదారు, తెల్లమీసాల పంజాబీ, నన్ను పిలిచి, "నీ ఇంగ్లీషు చాలు. పెట్టు" అన్నాడు. పెట్టాను. ఎంపిక బోర్డులో బల్లకు అవతల కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన మీ నాన్న ఏం చేస్తారని అడిగాడు. బాయిలరు ఫిట్టరని చెప్పాను.

"అయితే ఇక మన మెస్సులో వేడినీళ్ళకు లోటుండదు" అన్నాడాయన పక్కాయనతో.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అయినా నన్ను తీసుకున్నారు. ఎందుకు తీసుకున్నారో నాకు తెలియదు. మనుషులు తక్కువై తీసుకున్నారని శిక్షణలో నా పక్క మంచం కుర్రాడు చెప్పాడు. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాడు, ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో పుట్టుకతోనే తెలిసినవాడు. నేను ఏళ్ళ తరబడి భుజాన మోసిన రైఫిల్ను అతనికి అప్పుడే చూపిస్తున్నారు. మా ఇద్దరిలో ఎవరు ఆఫీసరుగా పనికొస్తారో మాత్రం అతనికి ముందే తెలుసు.

శిక్షణ మద్రాసులో. ఆఖరి రోజు కవాతు అయ్యాక తల్లిదండ్రులు వచ్చి కొడుకు భుజాల మీద నక్షత్రాలు పెడతారు. ఆ సంగతి ఇంటికి రాశాను. మద్రాసు మెయిలు ఖరగ్‌పూర్ మీదుగానే వస్తుంది, నాన్నకు రైల్వే పాసు ఉంది. కావలసింది సెలవొక్కటే.

నాన్న చార్జ్‌మన్‌ను అడిగాడు. చార్జ్‌మన్ మనవాడే, మా ఊరికి దగ్గరి పల్లెవాడే. ఇంతమంది పరాయివాళ్ళ మధ్య మన భాష మాట్లాడే పైవాడు దొరికాడని నాన్న మొదట్లో మురిసిపోయాడట. ఆరోజు వర్క్‌షాపులో అందరి ముందూ ఏం జరిగిందో తర్వాత అమ్మ చెప్పింది.

"నీ కొడుకు ఆఫీసరేటి? ఏ ఆఫీసు కాడ? బంట్రోతు పనికి కూడా మిల్ట్రీలో అలగే అంతారేటి?" అన్నాడట చార్జ్‌మన్.

"నేదు బాబూ, నిజిమే. లెఫ్టినెంటంట."

"సెలవు నేదు. పనుంది. ఎల్లు."

నాన్న వచ్చేశాడు. కాళ్ళావేళ్ళా పడలేదు, పైవాళ్ళ దగ్గరికి పోలేదు. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పి బండి ఎక్కమంది అమ్మ. అబద్ధం చెప్పి వెళ్తే ఆ నక్షత్రానికే పాపం తగులుతుందన్నాడట.

మైదానంలో నా పక్కన నిలబడ్డవాళ్ళందరికీ తల్లులు ఏడుస్తూ నక్షత్రాలు పెట్టారు. ఎవరూ రానివాళ్ళం ముగ్గురో నలుగురో మిగిలాం. మాకు ఒక కర్నలుగారి భార్యను పంపించారు. ఆవిడ వెనకనున్న ఇంకొకావిడతో కర్టెన్ల గురించి మాట్లాడుతూ నా భుజాలకు నక్షత్రాలు గుచ్చింది. నా మొహం వంక చూడలేదు. రెండోది వంకరగా పెట్టింది. నేను సరిచేసుకోలేదు. మాకు శిక్షణ ఇచ్చిన సుబేదారు నాకు మొదటి సెల్యూట్ కొట్టినప్పుడు అది వంకరగానే ఉంది.

ఆ కోపం మూటగట్టుకుని సెలవు మీద ఇంటికి వచ్చాను. బండి దిగిన మర్నాడే చార్జ్‌మన్ మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. చేతిలో రసగుల్లాల కుండ. అతనికి నాన్న ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ వేశాడు.

చిన్నప్పుడు నాన్నకు క్యారియరు పట్టుకుని గేటు దగ్గరికి పోతే ఇదే మనిషి నన్ను "ఏరా గుంటడా" అనేవాడు. ఇప్పుడు నన్ను చూసి లేచి నిలబడి, చేతులు జోడించి మళ్ళీ కూర్చున్నాడు.

"బాబూ, తమరు మన జాతికే పేరు తెచ్చినారు. మన వర్క్‌షాపు పెద్దసాబుగారు తమర్ని సూడాలంతన్నారు. రేపు సాయింత్రం బంగళాకి టీకి రమ్మన్నారు, యూనిఫారం ఏసుకుని." అని నాన్న వైపు తిరిగి, అదే ఊపిరితో, "ఒరే, బాబుకి దారి తెలకపోతే నువ్వు గేటు దాకా తీసుకెల్లు" అన్నాడు.

నాకు తమరు. మా నాన్నకు ఒరే. మా నాన్న ఇంట్లో, మా నాన్న కుర్చీలో కూర్చుని.

"మా నాన్నకు సెలవు ఎందుకివ్వలేదు?" అని అడిగాను.

అతని మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, ఏం చెయ్యాలో తెలియక. "అది... పనుండింది బాబూ. అయినా కవాతంటే ఏటి, పెళ్ళా? ఒకసారి పోతే మళ్ళీ రాదా?"

"రాదు."

నాన్న నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. చార్జ్‌మన్ కుండ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. అమ్మ ఆ కుండను ముట్టుకోలేదు. చీమలు పట్టాక ఎత్తి బయట పారబోసింది.

టీకి వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళకపోతే బాగుండదన్నాడు నాన్న. అలాగైతే నువ్వూ రావాలన్నాను.

"నానెందుకురా? పిలిసింది నిన్ను."

"నన్ను పిలిస్తే నిన్ను పిలిచినట్టే."

"అవదు" అన్నాడు నాన్న. అయినా అమ్మ పంచె ఉతికి ఆరేసింది, చెంబులో నిప్పులు పోసి చొక్కా ఇస్త్రీ చేసింది. నాన్న నా పక్కన నడిచాడు.

బంగళా ముందు పచ్చగడ్డిలో పేము కుర్చీలు వేసి ఉన్నాయి. నలుగురైదుగురు అధికారులు, భార్యలు. పెద్దసాబు ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. తర్వాత నాన్నను చూశాడు.

"మా నాన్న, సర్. మీ షాపులోనే పనిచేస్తారు."

"అవునా, చాలా సంతోషం" అన్నాడాయన. చెయ్యి చాచలేదు. బేరర్‌ను పిలిచి నాన్నను వెనక వరండాలో కూర్చోబెట్టి టీ ఇవ్వమన్నాడు. నేను అర్థం చేసుకునేలోపే నాన్న చేతులు జోడించి, "ఠీక్ హై సాబ్" అంటూ రెండడుగులు వెనక్కి వేసేశాడు.

"ఆయన నాతో కూర్చుంటారు" అన్నాను.

పెద్దసాబు నా భుజం మీద చెయ్యి వేశాడు. గొంతు తగ్గించి మంచిగానే చెప్పాడు. "నువ్వు కుర్రాడివి. ఇక్కడ కూర్చుంటే ఆయనకే ఇబ్బంది. రేపు పొద్దున ఆయన వీళ్ళందరి కింద పనిచెయ్యాలి. నువ్వు సైన్యంలో ఉన్నావు, నీకు నేను చెప్పాలా?"

తిట్టి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు. ఆ మెత్తదనమే నన్ను మండించింది. తనకు తెలిసినదంతా నాకూ తెలుసునన్న ధీమాతో, ఇప్పుడిక మనమూ మనమూ ఒకటి అన్నట్టు మాట్లాడాడు. అందరూ నావైపే చూస్తున్నారు. అలాగైతే నాకూ ఇబ్బందేనని చెప్పి, సెల్యూట్ కొట్టి, వెనక వరండాకు నడిచాను.

నాన్న బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో గాజు గ్లాసు.

"పద" అన్నాను.

"ఉండు. ఏడిగున్నాది."

నేను యూనిఫారంలో, వంటింటి గుమ్మం పక్కన, బేరర్లు అటూ ఇటూ తప్పుకుని పోతుండగా నిలబడ్డాను. నాన్న ఊదుకుంటూ ఊదుకుంటూ టీ అంతా తాగాడు. గ్లాసు కుళాయి కింద కడిగి బోర్లించాడు. అప్పుడు లేచాడు.

మలంచా రోడ్డు ఎక్కాక నాన్న నోరు విప్పాడు. అక్కడ రిక్షాలు, దుకాణాల ముందు జనం. మా నాన్న గొంతు ఎంత గట్టిదో చెప్పాను కదా.

"నాకు కుర్సీ కావాలని నీకు సెప్పినానా?"

"నువ్వు చెప్పాలా? నాకు కళ్ళు లేవా?"

"ఇన్నేళ్ళలో నాను ఎవుడి కాడా కుర్సీ అడగనేదు. అడగనోడికి లేదనీవోడు ఎవుడు? ఈయేల నువ్వడిగినావు. ఆడు లేదన్నాడు. ఇన్నాళ్ళకి నాకు అవమానం అయినాది."

"నీకు జరిగింది అవమానమే కాదంటావా? సెలవు ఇవ్వనప్పుడు? ఒరే అన్నప్పుడు?"

"నువ్వు బండెక్కి పోతావు. రేపు గేటు కాడ టోకెను తీసుకుని లోపలికి ఎల్లీది నాను."

ఒక తెలిసిన బెంగాలీ దుకాణదారు బయటికి వచ్చి, "కీ హొలో దాదా?" అన్నాడు. ఏమైందని. నాన్న అతనితో, "కిఛూ నా, ఏటీ నేదు. కొడుకు ఆఫీసరైనాడు" అన్నాడు, రెండు భాషలూ కలిపి తిట్టినట్టు.

నాన్న అన్నదాంట్లో నిజం లేదని నేననను. కానీ ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోను. కుర్చీ అడక్కుండా బతకడం గౌరవమని ఆయనకు నేర్పినవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నవాళ్ళే. వాళ్ళ మీద కోపంతో పాటు, ఆ పాఠాన్ని అంత బాగా నేర్చుకున్నందుకు నాన్న మీద కూడా నాకు కోపం. ఆరోజు అమ్మ ఒక్కతే నా పక్క నిలబడింది. "తప్పేటి సేసినాడు? కన్నతండ్రి పక్కన కూకోవాలన్నాడు, అంతే గదా" అంది.

నేను యూనిట్‌కు వెళ్ళిన వారానికే నాన్నను రాత్రి డ్యూటీకి వేశారు. నా వల్లనేనని ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. వానాకాలమంతా అలాగే గడిచింది. ఆఖరికి అమ్మ చార్జ్‌మన్ క్వార్టరుకు పోయి, అతని భార్యాపిల్లల ముందు, "నా కొడుకు మీద కోపముంటే నా కొడుక్కి సెప్పు. ముసిలోడి నిద్ర మీద తీర్సుకోకు" అని అరిచి వచ్చిందట. తర్వాతి నెల డ్యూటీ మారింది. దాని గురించి నాన్న ఎప్పుడూ మాట్లాడలేదు.

రిటైరయ్యాక నాన్న ఒక్కసారే నా దగ్గరికి కంటోన్మెంటుకు వచ్చాడు. అప్పటికి నేను కెప్టెన్ను. మా కమాండింగ్ ఆఫీసరు మంచివాడు. నాన్న వచ్చాడని విని, ఆదివారం మధ్యాహ్నం భోజనానికి మెస్సుకు తీసుకురమ్మన్నాడు. తన పక్కనే కూర్చోబెట్టుకుంటానన్నాడు. అతను నిజంగా కూర్చోబెట్టుకునేవాడు.

"నాను రాను" అన్నాడు నాన్న.

"ఇతను అలాంటివాడు కాదు నాన్నా."

"కాకపోనీ. నాను రాను."

ఆయనకు ఒంట్లో బాగాలేదని చెప్పి నేనొక్కణ్ణే వెళ్ళాను. కమాండింగ్ ఆఫీసరు పక్కన ఖాళీ కుర్చీ ఉంచారు. ఆ బంగళా తోటలో పెద్దసాబు మెత్తగా అన్న మాట ఇన్నేళ్ళు ప్రయాణం చేసి, ఏ పాపమూ ఎరగని మనిషి బల్ల దాకా వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి వెనక గుమ్మంలో నాన్న, నా సహాయకుడు పక్కపక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. ఆ జవాను బీహారులో ఒక రైతు కొడుకు. ఇద్దరూ ఒకే పళ్ళెంలో వేరుశెనగలు తింటూ నవ్వుకుంటున్నారు. నాన్న బజారు హిందీ అతనికి తెగ నచ్చినట్టుంది. నన్ను చూడగానే అతను ఎగిరి లేచాడు. ఒడిలోని పొట్టు నేల మీద పడింది. మడమలు కలిపి కట్టెలా నిలబడ్డాడు.

"బైఠో" అన్నాను.

కూర్చోలేదు. మళ్ళీ చెప్పాను. నా గొంతు గట్టిదైంది, ఆజ్ఞలా. అయినా కూర్చోలేదు. నాన్న తలెత్తి నావైపు చూసి, ఇంకొక వేరుశెనగకాయ ఒలుచుకున్నాడు.