సెంగా తుడిచిన నేల

సెంగా మెకాలీ పదిహేనో ఏట బడి మానేసి, గ్లాస్గోలో ఒకే ఆసుపత్రి నేలను ముప్పై ఒక్కేళ్లు తుడిచింది. తడి ఆరకముందే అడుగుపెడితే పెద్ద డాక్టరుకైనా చీవాట్లు తప్పేవి కావు. అక్కడ పనిచేసే మేమంతా ఆమె బకెట్ చూసి పక్కకు తప్పుకునేవాళ్లం.

ఆమె తిట్టనిది గర్భం తీయించుకోవడానికి వచ్చే ఆడవాళ్లనే. వాళ్లను ఆపి, పాపమని భయపెట్టడానికి ఒక గుంపు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని బస్టాపు దగ్గరే కాపు కాసేది. ఆ గుంపును తప్పించుకోవడానికి ఆ ఆడవాళ్లు ఒక స్టాపు ముందే దిగి, వానలో చుట్టూ తిరిగి, లాండ్రీ గది వెనక తలుపులోంచి దొంగల్లా వచ్చేవారు. ఆ బురద అడుగులను సెంగా నోరెత్తకుండా తుడిచేది.

ఇలాంటి గుంపులను ఆసుపత్రులకు దూరంగా ఉంచే చట్టం అప్పుడు ఎడిన్‌బరో పార్లమెంటులో తయారవుతోంది. ముసాయిదాలో హద్దు నూట యాభై మీటర్లు. మా బస్టాపు ఆ గీతకు అవతల పడుతుంది. అంటే చట్టం వచ్చినా గుంపు కదలక్కర్లేదు. దాన్ని పరిశీలించే పార్లమెంటు సభ్యుల సంఘం ముందు మాట్లాడటానికి సెంగా పేరిచ్చింది.

"నువ్వెళ్లి ఏం చెప్తావే? బకెట్ చూపిస్తావా?" అన్నాడు మొగుడు డూగీ.

"నీకన్నా బకెట్టే నయం. పిలవకుండానే పనికొస్తది."

అక్కడ ఒక సభ్యుడు మర్యాదగానే అడిగాడు. "మీ దగ్గర లెక్కలేమైనా ఉన్నాయా, మిసెస్ మెకాలీ?"

"లెక్కల్లేవండీ. నేలుంది. మా విభాగం ముందు హాలు పొద్దున తుడిస్తే మజ్జానం దాకా అద్దంలా ఉంటది. వెనక నడవా మూడుసార్లు తుడవాలి, ఆడపిల్లలంతా భయపడి అటే వస్తారు గనక. మీరు గుమ్మం కాణ్ణుంచి కొలుస్తున్నారు. ఆ పిల్లలకి భయం మొదలయ్యేది బస్సు దిగేటప్పుడండీ."

చివరికి హద్దు రెండు వందల మీటర్లయింది, మా బస్టాపు గీత లోపలికొచ్చింది. ఆమె మాట వల్లే అయిందని నేననను. ఆమె మాత్రం అంటుంది, అననివ్వండి.

చట్టం అమల్లోకి వచ్చిన పొద్దున వాన. సెంగా ముందు హాలు అప్పుడే తుడిచింది. ఒకమ్మాయి బస్టాపులో దిగి, తిన్నగా నడిచి వచ్చి, తడి నేల మీద నాలుగు బురద అడుగులు వేసి, మాప్ చూసి ఆగిపోయింది.

"సారీ అండీ, చూసుకోలేదు."

"ఏం పర్లేదు తల్లీ, తొక్కు. ఇటే రా."

నేల తుడవలేదేమని సూపర్‌వైజరు రెండుసార్లు అడిగింది. సెంగా డ్యూటీ దిగేదాకా ఆ అడుగుల మీద తడిగుడ్డ పడనివ్వలేదు.