సున్నపు తేటలో బొప్పాయి పూలు

మొన్న దీపావళి సరుకులకని మనవరాలిని వెంటబెట్టుకుని ఇక్కడ మలేషియాలో, మా క్లాంగ్ ఊరి లిటిల్ ఇండియా బజారుకి వెళ్ళి, ఆ తోపులాటలో నిలబడలేక పక్కనున్న సూపర్ మార్కెట్లోకి దూరినప్పుడు, బిస్కెట్ డబ్బాల పక్కన ఒక ప్లాస్టిక్ పెట్టెలో ఎర్రవీ ఆకుపచ్చవీ చిన్న చిన్న పూలు కనిపించాయి. మా మనవరాలు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటి అమ్మమ్మా, సబ్బా?" అంది. ఏ నెలకో ఒకసారి ఆ పిల్ల నోట తెలుగు ముక్క వస్తుంది, వచ్చింది కూడా ఇలా వచ్చింది. సబ్బు కాదే తల్లీ, బొప్పాయికాయని పువ్వుల్లా చెక్కి, పంచదార పాకంలో ఊరబెట్టి, ఎండలో ఆరబెట్టిన మిఠాయి అంటే నమ్మలేదు. ఇంటికి తెచ్చుకుని నోట్లో వేసుకున్నాను. తీపి తప్ప ఇంకేమీ లేదు, పంటికింద కరకర కూడా లేదు.

మా చిన్నప్పుడు క్లాంగ్ ఇలా ఉండేది కాదని నేను చెప్పనక్కరలేదు, నా వయసు వాళ్ళందరికీ తెలిసిందే. కింద సిమెంటు, పైన చెక్క, ఆపైన జింకు రేకులు, వానొస్తే ఒకరి మాట ఒకరికి వినబడని ఇళ్ళు. మాకూ పక్కింటికీ మధ్య వెనకవైపు చెక్కల కంచె, అందులో మనిషి ఒకవారగా పట్టేంత సందు. ఆ సందుకి అవతల ఉండేది మక్‌చిక్. మలయ్ వాళ్ళలో పిన్ని వరస ఆవిణ్ణి అలాగే పిలుస్తాం, అసలు పేరు మేం ఎప్పుడూ అడగలేదు. మా అమ్మ పుట్టింది ఇపో అనే ఊళ్ళో, వాళ్ళమ్మ తమిళామె, కాబట్టి అమ్మ తెలుగులో సగం అరవమే. పెళ్ళయి ఈ ఊరొచ్చాక, ఆ తెలుగుకి నవ్వకుండా అమ్మతో కబుర్లు చెప్పింది, తెలుగే రాని మక్‌చిక్ ఒక్కతే.

నవ్వేది మా నాన్నమ్మ. తాతయ్య రబ్బరు తోటలో గుమస్తా. కూలీల ఇళ్ళ వరసలకి దూరంగా, గుట్టమీద బంగళాలో బతికిన ఆ కొద్ది కాలపు దర్జా ఆవిడ ఒంట్లోంచి చివరిదాకా దిగలేదు. పరాయి ఇంటి గిన్నె, పరాయి చేతి ముద్ద ముట్టేది కాదు. ఆ మాటకొస్తే మా అమ్మ చేతి వంట తినడానికే నేను పుట్టి పాకేదాకా ఆగిందట, అదీ మోకాళ్ళు పట్టేసి పొయ్యి దగ్గర నిలబడలేక. రోజంతా వెనక అరుగు మీద కూర్చుని ఆకూ వక్కా నములుతూ, వేలికి సున్నం అంటించుకుని నాలుక మీద రాసుకుంటూ, కంచెలో ఆ సందుని గుర్రుగా చూస్తూ ఉండేది.

ఏటా హరి రాయా రోజు, అంటే వాళ్ళ రంజాన్ పండగ రోజు, మక్‌చిక్ పళ్ళెం పంపేది. మీద తెల్ల గుడ్డ కప్పి, లోపల ఈ బొప్పాయి పూలు. మా ఇంట్లో బొప్పాసకాయ అంటాం లెండి, ఆ ఆకుపచ్చ కాయలోంచి గులాబీలూ ఆకులూ ఎలా పుట్టుకొస్తాయో మాకు అర్థమయ్యేది కాదు. అమ్మ రెండు చేతులా అందుకునేది. నాన్నమ్మ మాత్రం ఆ పళ్ళెం గడప దాటనిచ్చేది కాదు. మేం పిల్లలం వెనక మెట్ల మీద కూర్చుని తినేసి, కుళాయి దగ్గర నోరు పుక్కిలించి లోపలికి రావాలి. కంచె అవతలినుంచి మక్‌చిక్ ఇదంతా చూస్తూనే ఉండేది. అమ్మకి తల కొట్టేసినట్టుండేది.

ఆ ఏడు దీపావళీ, వాళ్ళ రాయా ఒకే వారంలో పడ్డాయి. మక్‌చిక్ పెద్ద కూతురికి సంబంధం కుదిరింది. రాయాకి అబ్బాయి వాళ్ళింటికి పంపే పళ్ళేల్లో తన చేతి పూలే ఉండాలని ఆవిడ పట్టుదల. ఇద్దరం కలిసి ఒకేసారి చేసుకుందాం, సగం మీకూ సగం మాకూ అంది. అమ్మ సరేనంది, అత్తగారిని అడక్కుండా సరేనంది. ఇక చూసుకోండి మా ఇంట్లో రభస! దీపావళికి మన గుమ్మంలో వాళ్ళ మిఠాయేమిటని నాన్నమ్మ రెండు పూటలు అన్నం మానేసింది. చివరికి నాన్న రాజీ చేశాడు. ఈ ఒక్కసారికి చేసుకోనివ్వు, పండగ వెళ్ళగానే ఆ సందు మూసేస్తాను అన్నాడు. అన్నట్టే చెక్కలు తెచ్చి గోడకి ఆనించాడు. అమ్మ వాటి పక్కనుంచి వెళ్తున్నప్పుడల్లా అటు చూడకుండా వెళ్ళేది. ఆ సందు మూసుకుపోతే అమ్మ ఇక ఎవరితో మాట్లాడుతుందని నాకు బెంగగా ఉండేది.

గిన్నె దగ్గర మళ్ళీ పేచీ. వాళ్ళ గిన్నె మాకు పనికిరాదు, మా గిన్నె వాళ్ళకి పనికిరాదు. సరికొత్త జర్మన్ సిల్వర్ బేసిన్ ఒకటి కొని, ఏ ఇంటి లోపలికీ తీసుకెళ్ళకుండా కంచె సందులోనే స్టూలు మీద పెట్టారు. దోరగా కూడా కాని గట్టి కాయలు చూసి తెచ్చారు. మక్‌చిక్ సన్నని చాకుతో రేకులు విప్పుతుంటే, అమ్మ ఆకులు చెక్కడం నేర్చుకుంది. మొదటి ఆకులు చేపల్లా వచ్చాయి, ఇద్దరూ పడిపడి నవ్వారు. చెక్కడానికే మూడు రోజులు పట్టింది. ఆ తర్వాత పూలని సున్నపు తేటలో నానబెట్టాలి. సున్నం నీళ్ళలో కలిపి, అడుగుకి దిగాక పైన తేరిన నీళ్ళు మాత్రం పొయ్యాలి. ఆ నీళ్ళలో నానితేనే పాకంలో ఉడికినా పువ్వు చితికిపోకుండా, పైన కరకరగా, లోపల మెత్తగా ఉంటుంది.

తప్పు అక్కడే జరిగింది. అది వాళ్ళ ఉపవాసాల నెల. తెల్లారకముందే లేచి అన్నం తినే అలవాటు కనక, మక్‌చిక్ ఆ వేళలోనే వచ్చి సున్నపు తేట పోసి వెళ్ళి పడుకుంది. తెల్లారి లేచిన అమ్మ, పాపం ఉపవాసంతో ఉన్న మనిషి, ఇంకా లేవలేదేమో, బేసిన్‌లో ఉన్నవి మామూలు నీళ్ళేమో అనుకుని తనూ పోసింది. తేరుకునేదాకా ఆగకుండా, అడుగున ఉన్న ముద్దతో సహా పోసింది. మధ్యాహ్నం తీసి చూస్తే పూలు గచ్చకాయల్లా ఉన్నాయి. అమ్మ ఒక ముక్క కొరికి, నోరు భగ్గుమని కుళాయి దగ్గరకి పరిగెత్తింది. మళ్ళీ చెక్కుదామంటే కాయలూ లేవు, రోజులూ లేవు.

కడగడం మొదలుపెట్టారు. కానీ ఎంతవరకు కడగాలి? సున్నం మిగిలితే నోరు పొక్కుతుంది, మరీ కడిగితే రేకులు విడిపోతాయి. రుచి చూస్తేనే తెలుస్తుంది. మక్‌చిక్ ఉపవాసం, నోట్లో ఏమీ వేసుకోదు. అమ్మ నాలుక అప్పటికే కాలిపోయి ఏమీ తెలియడం లేదు. నేనూ ఒకటి కొరికాను, ఆ పూటంతా పాలు కూడా తాగలేకపోయాను. మక్‌చిక్ ఆ బేసిన్ పక్కనే నేల మీద చతికిలబడి, కొంగులాంటి తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది. ఏ చప్పుడూ లేకుండా ఏడ్చింది. పిల్ల పెళ్ళి పళ్ళెం కదా.

అప్పుడు అరుగు మీద కర్ర చప్పుడైంది. నాన్నమ్మ లేచింది. మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగి, మేమందరం నోళ్ళు తెరుచుకు చూస్తుంటే సరాసరి ఆ సందు దగ్గరకొచ్చి నిలబడి, "అలాగ సూస్తారేటి? ఏబై ఏళ్ళై సున్నం తింతన్న నాలికిది. ఇలాగ తెండి" అంది.

అమ్మ గబగబా చెయ్యి కడుక్కోబోయింది. నాన్నమ్మ అమ్మ వైపు చూడలేదు. తన చెయ్యి మక్‌చిక్ ముందు చాపింది. మక్‌చిక్‌కి ఆ మాట అర్థమైందో లేదో తెలియదు, ఒక పువ్వు తీసి ఆ చేతిలో పెట్టింది. నాన్నమ్మ కళ్ళు మూసుకుని ఒక రేకు కొరికి, నమిలి, ఉమ్మకుండా మింగింది. ఉమ్ముతుందనే అనుకున్నాం మేమందరం. ఆవిడకి వచ్చిన బజారు మలయ్‌లో "లాగి" అంది, ఇంకా అని. కడిగారు. మళ్ళీ చెయ్యి చాపింది, మళ్ళీ తిన్నది, లాగి అంది. ఇలా ఎన్నిసార్లో గుర్తులేదు గానీ ప్రతిసారీ మక్‌చిక్ చేతినుంచే తీసుకుంది. ఆఖరికి పువ్వు మొత్తం నోట్లో వేసుకుని, "సుదా" అంది, అయిందని. "సాలు, ఇక పాకంలో ఎయ్యండి" అని వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసి ఆగి, గోడకి ఆనించిన చెక్కలు చూపించి, ఎండబెట్టడానికి బల్లేది, వీటిని స్టూళ్ళ మీద పరవండి అంది.

ఆ ఏటి పూలు ఆ చెక్కల మీదే ఎండాయి. పెళ్ళివారు బాగున్నాయన్నారట. నాన్నమ్మ ఆ తర్వాతేమీ మారిపోలేదు, అమ్మ తెలుగుని వెక్కిరించడమూ మానలేదు. కానీ రాయా పళ్ళెం వస్తే గడప దగ్గర ఆపలేదు. ఆవిడ పోయిన ఏడు పూలు చేసుకుంటూ అమ్మా మక్‌చిక్కూ ఒక్కొక్క ముక్క కొరికి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ తేల్చుకోవడం చేతకాక కడిగి కడిగి అన్నీ చితికిపోయేలా చేశారు. ఆ తర్వాత మళ్ళీ చెయ్యలేదు.

ఇప్పుడు మా ఫ్లాట్ల కింద హాల్లో, పండగలకి అందరినీ పిలిచి భోజనం పెట్టే ఓపెన్ హౌస్ పెడితే అన్ని జాతుల వాళ్ళూ వస్తారు. కేటరింగ్ వాడు అందరికీ సరిపడేట్టు వండుతాడు. ఎవరికీ ఏ అంటూ లేదు, ఏ పేచీ లేదు, మంచిదే. మా నాన్నమ్మలాంటి వాళ్ళు మళ్ళీ రావాలని నేను కోరుకోను, ఆ గడప అవమానం మా అమ్మ పడింది, నేను చూశాను. అయినా చేతిలో పళ్ళెం పట్టుకుని ఆ వరసలో నిలబడినప్పుడు నాకు ఏదో వెలితిగా ఉంటుంది. అక్కడ ఎవరేం తిన్నా ఎవరికీ ఏమీ కాదు. మా ఎదురు ఫ్లాట్‌లో ఉన్న ఆవిడ ఆరేళ్ళుగా నవ్వి పలకరిస్తుంది. ఆవిడకి నా వంటిల్లు ఎటువైపుందో తెలియదు, నాకు ఆవిడ ఏడిస్తే ఎలా ఉంటుందో తెలియదు.