చూడి కట్టే పెయ్య కోసం బేస్తవారిపేట దాకా

ఉదయం ఏడింటికి మార్కాపురం బస్టాండులో బేస్తవారిపేట బస్సెక్కాం, నేనూ మా రమణమ్మ చిన్నమ్మా. ఆమె ఒక పెయ్యను కొనాలి. జువాలజీ డిగ్రీ ఉంది కనుక నాకు ఆవుల సంగతి తెలుసని ఇంట్లో అందరి అనుమానం. మా సిలబస్ ఎక్కువగా కప్ప లోపలే తిరిగిందని నేను ఎవరికీ చెప్పలేదు.

ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగాడు. “ఎన్ని లీటర్లది చూస్తుండావమ్మా?”

“పోయినసారి లీటర్లు చూసే కొంటి పెదనాయనా. బకెట్టు నిండా ఇచ్చె. ఆ ఒక్క ఈతకే సరి. ఎదకొచ్చినప్పుడల్లా సూది ఏపిచ్చినా మళ్ళా చూడి కట్టలే, కడుపు నిలవలే. ఇదీ అట్లే అయితే పాడి మానుకొని కూలికి పోవాల్సిందే.”

పెద్దాయన సానుభూతిగా తల ఊపి, తన స్టేజీ రాగానే దిగిపోయాడు. నేను అందుకున్నాను. ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో చాలావాటికి చూడి ఆలస్యంగా నిలుస్తుందనీ, త్వరగా చూడి కట్టే గుణం కొంత తల్లిదండ్రుల నుంచి వస్తుందనీ చెప్పాను. చిన్నమ్మ శ్రద్ధగా విని, కిటికీ వేయమంది.

బేస్తవారిపేటలో ఇడ్లీ తిన్నాం. ఇడ్లీ మెత్తగానే ఉంటుంది. చట్నీ కారం వల్ల ఆ సంగతి గమనించే తీరిక దొరకదు. అక్కడి నుంచి షేర్ ఆటోలో ఊరు చేరేసరికి పదిన్నర.

పెయ్యను అమ్మే వెంకటేశ్వర్లు మమ్మల్ని నేరుగా దాని తల్లి దగ్గరికి తీసుకుపోయాడు. భారీ ఆవు. ఒళ్ళు కడిగి, కొమ్ములకు నూనె పూశాడు. పక్కనే నెలల దూడ కట్టేసి ఉంది.

“ఏటా ఈనుతాది వదినా. అదిగో, ఈ ఏటి దూడ. దీని కడుపున పుట్టిన పెయ్య ఇంకెట్లుంటాది?”

నాకు నమ్మకం కుదిరింది. చిన్నమ్మ మాత్రం సాయంత్రం పాలు పిండేది చూసి పోతానంది.

“సాయంత్రం బస్సులు సరిగా ఉండవు వదినా.”

“ఉండాయిలే. ఆటోవాణ్ణి అడిగినా.”

మధ్యాహ్నం వాళ్ళింట్లో జొన్నరొట్టె, గోంగూర. భోజనం బాగుంది, వడ్డించిన మనిషే కాస్త కలత పడి ఉన్నాడు.

నాలుగింటికి వెంకటేశ్వర్లు బకెట్టు పట్టుకొని ఆవు దగ్గర కూర్చున్నాడు. “దూడను ఇడువు,” అంది చిన్నమ్మ. ఇడిస్తే పాలన్నీ తాగేస్తుందన్నాడు. ఆమె తనే వంగి తాడు విప్పింది. దూడ ఆ భారీ ఆవు వైపు తిరిగి కూడా చూడకుండా, కంపచెట్ల కంచె సందులోంచి దూరి పక్కింటి కొట్టంలోకి పోయింది.

“వచ్చినావా నాయనా,” అని అవతల నుంచి ఆడగొంతు. “తెల్లారి అడిగి తోలుకపోయినాడు, ఇప్పటిదాకా పంపియ్యలే.”

వెంకటేశ్వర్లు ఖాళీ బకెట్టులోకి కాసేపు చూశాడు. “ఇది ఈని మూడేండ్లయితాంది వదినా,” అన్నాడు చివరికి.

కంచె దాటి పోయాం. ఆ గొంతు కాశమ్మది. ఆమె ఆవు చూడ్డానికి సామాన్యం. దాని పక్కన వరసగా ఏడాది తేడాతో మూడు దూడలు, మూడింటికీ తల్లిలాగే కొమ్ముల్లేని బోడి నెత్తి.

“పాలు పూటకు నాలుగు లీటర్లే. అబద్ధమెందుకు? సూది మాత్రం రెండోసారి ఏపిచ్చి ఎరగను,” అంది కాశమ్మ.

చిన్నమ్మ పెద్ద పెయ్యను బేరమాడింది. బేరం కుదిర్చింది వెంకటేశ్వర్లే. “రెండిండ్లకూ కావాల్సినోణ్ణి,” అంటూ ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకున్నాడు. ఆ ఊళ్ళో ఆ రోజు లాభపడినవాడు అతనొక్కడే అని నా అంచనా.

ఆరింటికి ట్రాలీ ఆటోలో పెయ్యను ఎక్కించి మార్కాపురం దారి పట్టాం. మీలో ఎవరైనా ఇట్లాంటి పని మీద ఆ వైపు పోతే, పాలు పిండే వేళదాకా ఉండండి. భోజనం ఎట్లాగూ పెడతారు.

నాకు తెలిసింది దాచడం ఇష్టం లేక దారిలో చెప్పాను. “చిన్నమ్మా, చూడి కట్టే గుణంలో తల్లి నుంచి వచ్చేది కొంచెమే. మిగతాదంతా మేపులో, ఎద కనిపెట్టడంలో, వేళకు సూది వేయించడంలో ఉంటుంది.”

ఆమె పెయ్య మెడ కింద నిమురుతూ ఉంది.

“ఆ కొంచెం కొనుక్కొచ్చినాం గదరా. మిగతాది నేను చూసుకుంటా.”